రెండో పాప పేరు గురించి మేనకోడలికి

అమ్మలూ,

మొన్న రాత్రి నువ్వు పంపిన లిస్టు చూశాను. పద్నాలుగు పేర్లు. నిన్న పొద్దున కాఫీ కలుపుకుని బాల్కనీలో కూర్చుని ఒక్కోటీ పైకి చదువుకున్నా, ఆర్య, ఆన్య, ఆరాధ్య, ఆధ్య, లాస్య, హాస్య... ఎనిమిదో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆరోది ఏంటో గుర్తు లేదు, మళ్ళీ మొదటికెళ్ళా. అన్నీ ఒకే పేరులాగా ఉన్నయ్యే తల్లీ. ఆధ్య అయితే ద కి వత్తు తగిలించిన మన పెద్దదాని పేరే, ఆద్య. ఫోన్లో చెబుదామనుకున్నా గానీ నువ్వు పిల్లకి పాలిస్తా సగం వింటావు, అందుకని తీరిగ్గా టైప్ చేస్తున్నా, మా అల్లుడబ్బాయికి కూడా చదివి వినిపించు, బారసాల ఇంకా తొమ్మిది రోజులుంది కదా.

ముందు ఒక మాట. ఆస్పత్రి వరండాలో ఎవరో "మళ్ళీ ఆడపిల్లేనా" అన్నారంటగా, వదిన చెప్పింది, చెప్పేటప్పుడు ఆవిడ గొంతు వణికింది. ఎవరన్నారో నాకు అక్కర్లేదు. కానీ ఆ మాట పిల్ల పేరులోకి రాకూడదు. పేరులోకి ఎట్టా వచ్చిద్ది అంటావా, పెద్దదాని పేరు కోసం మీరిద్దరూ ఐదో నెల నించీ వెతికారు, నా దగ్గరున్న నిఘంటువు కూడా పట్టుకెళ్ళారు, ఇప్పుడు దీనికేమో "ఆద్యకి మ్యాచ్ అయ్యేది ఏదన్నా చెప్పత్తా" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టావు. చీర కొన్నాక జాకెట్టు ముక్క కోసం బెజవాడ బీసెంట్ రోడ్డులో మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్తామే, అట్టా ఉంది. నువ్వు ఆ ఉద్దేశంతో అన్లేదని నాకు తెలుసు, పచ్చి బాలింతవి, ఓపిక లేక అన్నావు. అయినా చెబుతున్నా, ఆ పిల్ల జాకెట్టు ముక్క కాదు, అది కూడా చీరే.

ఇద్దరి పేర్లూ కలిపి పిలిచే కాలం ఎంతే, మహా అయితే పదిహేనేళ్ళు. ఆ తర్వాత హాస్టల్, ఉద్యోగం, అత్తారిల్లు, అక్కడెక్కడా అక్క పేరు పక్కన ఉండదు, దాని పేరొక్కటే వినపడిద్ది. అందుకని ముందు ఆ పేరు ఒంటిగా నిలబడాలి, జత సంగతి ఆ తర్వాత.

నీకు నా సంగతి సగమే తెలుసు, మిగతా సగం కూడా చెబుతా. నా పేరు పద్మజ, చెల్లి పేరు పద్మిని. మా నాన్న ముచ్చటపడి పెట్టాడు, విన్నవాళ్ళందరూ "ఎంత బాగున్నయ్యండీ జంటగా" అనేవాళ్ళు. ఇంట్లో ఇద్దరం పద్దూలమే. నాన్న వసారాలో పడక్కుర్చీలో కూర్చుని "పద్దూ, మంచినీళ్ళు" అంటే ఇద్దరం లేచేవాళ్ళం, రెండు గ్లాసులు వెళ్ళేయి, ఒకటి తాగి ఒకటి పక్కన పెట్టేవాడు. ఆ పక్కన పెట్టిన గ్లాసు ఎక్కువసార్లు చెల్లిది. అదేం అనేది కాదు, గ్లాసు తీసుకెళ్ళి చెట్టుకి పోసొచ్చేది.

అది చిన్న సంగతే అనుకో, అసలు నష్టం బళ్ళో జరిగింది. మేం గుంటూరు వచ్చినప్పుడు సంవత్సరం మధ్యలో ఒకే రోజు ఇద్దర్నీ బళ్ళో చేర్పించారు, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒకదాని కింద ఒకటి రాశారు, ఇంటిపేరు ఒకటే, తండ్రి పేరు ఒకటే, పిల్ల పేరు కూడా మొదలంతా ఒకేలాగా, రాసినాయన నా పుట్టినతేదీనే కింది వరసలో దానికీ దించేశాడు. నాకన్నా రెండేళ్ళు చిన్నది. పదో తరగతి సర్టిఫికెట్‌లో అదే తేదీ వచ్చింది, ఉద్యోగంలో చేరినప్పుడు సర్వీస్ రిజిస్టర్‌లోకీ అదే ఎక్కింది, ఒకసారి ఎక్కింతర్వాత మార్చటం ఎంత తిరిగినా కుదర్లేదు. ఇద్దరం 2013లో ఒకే నెలలో రిటైరయ్యాం, అప్పుడు వయసు 58 కదా, దానికి నిజంగా 56. మరుసటేడు, 2014లో, 60కి పెంచారు. దాని అసలు తేదీ ఉండుంటే ఇంకో నాలుగేళ్ళు ఉద్యోగం చేసుకునేది. తప్పు రాసినాయనదే, కాదన్ను, కానీ పద్మజ కింద సరస్వతి అనో కనకదుర్గ అనో ఉంటే ఆయన కన్ను ఆ వరస దగ్గర ఆగేదేమో అని ఇప్పటికీ అనిపిస్తది నాకు.

అందుకే మొదలు గానీ చివర గానీ కలిసే పేర్లు వద్దంటున్నా. నేను 31 ఏళ్ళు తెలుగు చెప్పాను, రోజూ అటెండెన్స్ పిలిచాను, పదో తరగతి పరీక్షకి పంపే పేర్ల జాబితా, అదే నామినల్ రోల్స్, రాసేటప్పుడు ఒక్కో పేరూ మూడుసార్లు సరిచూసేదాన్ని మా చెల్లి గుర్తొచ్చి. అక్కాచెల్లెళ్ళు ఒకే బళ్ళో చదివినప్పుడు హర్షిత, హర్షిణి లాంటి వాళ్ళని టీచర్లు కూడా కలిపేసేవాళ్ళు, చిన్నదాని మార్కులు బాగుంటే పెద్దదాన్ని మెచ్చుకునేవాళ్ళు. యమున, కావేరి అని ఇద్దరుండేవాళ్ళు, వాళ్ళని మాత్రం ఎవరూ ఎప్పుడూ కలపలేదు. వినటానికి ఒక్క అక్షరం కలవదు, అయినా అక్కాచెల్లెళ్ళని చెప్పకుండానే తెలిసేది. జత అంటే నాకు అదీ. శబ్దంలో పోలిక కన్నా అర్థంలో చుట్టరికం మేలు.

సరే, ఇప్పుడు మన పిల్లకి వద్దాం. పంతులుగారు అశ్విని నాలుగో పాదం అన్నారు కదా, అశ్వినికి చూ, చే, చో, లా. అంటే లా మనది. మీ లిస్టులో అబ్బాయి టిక్కు పెట్టింది లాస్య. మంచి పేరే, అమ్మవారి నాట్యం, కానీ ఆద్య, లాస్య, వెంటవెంటనే అను, చివర య వత్తు రెండూ ఒకే చోట పడుతున్నయ్యి, వంటింట్లో కుక్కర్ కూత మధ్యలో పిలిస్తే ఇద్దరూ వస్తారు లేకపోతే ఇద్దరూ రారు. నిన్న నేను పిలిచి చూశానే, మా వాచ్‌మన్ పిల్లాణ్ణి కింద గేటు దగ్గర నిలబెట్టి మూడో అంతస్తు నించి ఆద్యా, లాస్యా, ఆర్యా అని ఒక్కోటీ అరిచా, వాడికి మూడూ ఆ..యా లాగే వినపడినయ్యి. లలితా అన్నప్పుడు మాత్రం ఠక్కున చెప్పాడు.

అవును, నా మనసులో ఉన్న పేరు లలిత.

పాత పేరు అంటావేమో. పాతదే. కానీ ఆలోచించు. ఆద్య అంటే మొదటిది అని, ఆదిశక్తి అని మనమే కదా చూసి పెట్టుకుంది, లలిత కూడా అమ్మవారే, శుక్రవారం శుక్రవారం ఇంట్లో చదువుకునే సహస్రనామం ఆవిడదే. కొండ మీద అమ్మవారి నీడన బతికే ఊళ్ళో ఉండి ఇద్దరు పిల్లలకీ ఆ తల్లి పేర్లే పెట్టుకోవటం కన్నా జత ఏముంటదే. పైగా ఆద్య అంటే మొదటిది కాబట్టి రెండోదానికి లెక్కలో వచ్చే పేరు, అంటే రెండోది అనో ఆఖరిది అనో అర్థం వచ్చేది, పొరపాట్న కూడా పెట్టొద్దు. లలితలో ఆ లెక్క లేదు, అది దేని తర్వాతా వచ్చే పేరు కాదు.

ఇంకోటి చెబుతా, ఇది తెలుగు మాస్టారమ్మగా చెబుతున్నా, నువ్వు తొమ్మిదో తరగతిలో నా దగ్గర కూర్చుని గణాలు నేర్చుకున్నావు గుర్తుందా. పొడుగ్గా పలికే అక్షరం గురువు, పొట్టిది లఘువు. ఆద్య, గురువు లఘువు, హగణం. లలిత, మూడూ లఘువులు, నగణం. సూర్యగణాలంటే ఈ రెండే! వేమన పద్యాల ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం నిండా ఇవే, ఐదేసి, ఒకదాని చోట ఇంకోటి ఏదైనా కూర్చోవచ్చు, నడక చెడదు. విశ్వదాభిరామ వినురవేమ తీసుకో, విశ్వ, దాభి, రామ, ఈ మూడూ ఆద్య లాంటివి, వినుర అనేది లలిత లాంటిది, మళ్ళీ వేమ ఆద్య లాంటిది. ఆ గురువుని రెండు లఘువులుగా విడగొడితే ఇదయ్యింది, లఘువు పలికే సేపు ఒక మాత్ర అనుకుంటే మూడు మాత్రలు అదీ, మూడు మాత్రలు ఇదీ. ఒక్క అక్షరం కూడా కలవకుండా ఒకే కొలతలో నడిచే పేర్లు. నిన్న రాత్రి ఇది తట్టినప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చినయ్యి అమ్మలూ, పొద్దున్నే లేవగానే చెల్లికి ఫోన్ చేసి చెప్పా.

మీ అత్తగారు వాళ్ళమ్మ పేరు నాగేంద్రమ్మ పెట్టమంటున్నారని అబ్బాయి మొహమాటపడుతున్నాడంటగా. కాదనొద్దు, ఆవిడ కోరికలో తప్పేం లేదు. బారసాల నాడు బియ్యం మీద ఒక్క పేరే రాయాలని ఎక్కడుంది, ముందు నాగేంద్రమ్మ అని రాయండి, దాని కింద లలిత అని రాయండి, ఉంగరం ఆవిడ చేతికే ఇచ్చి ముందు పేరు ఆవిడ చేతే రాయించు. నక్షత్రం పేరు వేరే పెట్టుకున్నా అట్టాగే రాస్తారు, మనకెటూ ల కలిసింది కాబట్టి ఆ బాధ లేదు. పెద్దదానికి సర్టిఫికెట్‌లో దుర్గ ఆద్య అని రాయించారు కదా, దీనికీ దుర్గ లలిత అనే రాయించండి, అక్కకి ఉన్న దుర్గ నాకెందుకు లేదని పదేళ్ళొచ్చాక అడిగిద్ది, అడక్కపోయినా అనుకునిద్ది.

సర్టిఫికెట్ అన్నాను కాబట్టి, 21వ రోజు లోపల పేరు తేల్చకపోతే ఏదో అయిపోద్దని అబ్బాయి కంగారు పడుతున్నాడు, బారసాలా 21వ రోజే, పుట్టిందని రిజిస్టర్ చేయించటానికీ 21 రోజులే, అందుకని రెండూ కలిపేసుకున్నాడు. ఆ 21 రోజులు పుట్టుక నమోదుకి, పేరుకి కాదు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండా కూడా నమోదు చేయొచ్చు, ఏడాది లోపల పేరు చేర్పిస్తే ఫీజు కూడా ఉండదు, ఆ తర్వాత అయితే లేట్ ఫీజు కట్టి 15 ఏళ్ళ దాకా చేర్చుకోవచ్చు. మీరు ఇంకో నెల ఆలోచించుకుంటామన్నా నేనేం అనుకోను. కానీ రాయించేటప్పుడు మాత్రం ఒకటికి నాలుగుసార్లు చూసుకోండి, 2023 అక్టోబర్ 1 నించీ పుట్టిన పిల్లలకి బడికీ, ఆధార్‌కీ, పాస్‌పోర్ట్‌కీ, రేపు ఓటుకీ, గవర్నమెంటు ఉద్యోగానికీ పుట్టినతేదీ రుజువు ఆ కాయితమే. ఇంగ్లీష్‌లో లలితకి టీ పక్కన హెచ్ పెడతారా లేదా ఇప్పుడే ఇద్దరూ తేల్చుకోండి, మన వైపు పెడతారు, నార్త్ వాళ్ళు పెట్టరు, ఏదైనా సరే ఒకటే ఉండాలి, ఒక చోట ఉండి ఒక చోట లేకపోతే చచ్చేదాకా అఫిడవిట్లే. ఇంటిపేరు పెద్దదానికి ఎట్టా రాశారో, ముందా వెనకా, పూర్తిగానా పొడి అక్షరమా, దాని కాయితం పక్కన పెట్టుకుని అచ్చం అట్టాగే దీనికీ రాయించండి. న్యూమరాలజీ అని ఎవరన్నా అక్షరాలు కలపమంటే వద్దనే నా మాట.

ఇంక ఆఖరి సంగతి, నువ్వు కోప్పడకూడదు. నిన్న సాయంత్రం నువ్వు నిద్రపోతుంటే వదిన వీడియో కాల్ చేసింది, ఆద్య పాలు తాగుతా పై పెదవి మీద తెల్లగా మీసంతో ఫోన్లోకి వచ్చింది. దానికింకా దాని పేరే సరిగ్గా రాదు, ఆజ్జ అంటది. లాస్య అనమన్నా, లాచ్చ అంది. ఆరాధ్య అసలు అన్లేదు. లలిత అనమన్నా. లలితా, అంది, మూడక్షరాలూ చక్కగా. ఫోన్ పక్కన పడేసి ఊయల దగ్గరికెళ్ళింది, నాకు సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే కనపడుతుంది, మాట మాత్రం వినపడుతుంది, లలితా, లలితా, లలితా అని చిన్నగా. రేపు దాన్ని రోజుకి వందసార్లు పిలిచేది ఆ పిల్లే కదే, నువ్వూ నేనూ కాదు.

అబ్బాయికి లాస్యే కావాలంటే బలవంతం చేయను, ఒక్కసారి ఇద్దరి పేర్లూ మేడ మీద నించి పిలిచి చూడమను, చాలు.

బారసాల ముందు రోజు సాయంత్రమే గుంటూరులో నాన్‌స్టాప్ బస్సు ఎక్కి వచ్చేస్తా, చెల్లి కూడా వస్తానంది. బియ్యం కొత్తవి తెప్పించండి, పెద్ద ఇత్తడి పళ్ళెం మీ అమ్మ దగ్గర అటక మీదుంది, చింతపండు పెట్టి తోమించు. ఊయలకి కట్టటానికి చీర కొనొద్దు, నా మెత్తటి వెంకటగిరి చీర ఉతికి ఉంచా, నీకూ అదే కట్టాం, ఆద్యకీ అదే కట్టాం.

మీ అత్త