టెంటు దగ్గర బోర్డు పెడితే బాధ్యత తీరిపోతుందా?

ప్రశ్న: లాయరు గారూ, డిసెంబరులో మేం రెండు కుటుంబాలం కలిసి లంబసింగి వెళ్లాం. ఊరి బయట తోటలో ఒకాయన టెంట్లు వేసి అద్దెకిస్తున్నాడు. వాట్సాప్‌లో పంపిన ఫోటోల్లో టెంటు పక్కనే బాత్‌రూమ్ ఉంది. రెండు టెంట్లకు రూ.6,000 యూపీఐలో ముందే కట్టాం. తీరా వెళ్తే బాత్‌రూమ్ లేదు. దూరంగా రేకులు అడ్డం పెట్టిన గుంట ఒకటి చూపించారు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు రాత్రంతా అవస్థ పడ్డారు. టెంట్లన్నీ మంచుకు తడిసి ముద్దయ్యాయి. టెంట్లలో ప్లగ్గులు లేవని, వాళ్ల దగ్గర పనిచేసే కుర్రాడు మా నాలుగు ఫోన్లూ వంట పాకలో చార్జింగుకు పెడతానని పట్టుకెళ్లాడు. తెల్లారేసరికి ఒకటి లేదు. అడిగితే 'సామాన్లకు యాజమాన్యం బాధ్యత వహించదు' అన్న బోర్డు చూపించాడు. టెంట్లు అద్దెకిచ్చినాయన మైదాన ప్రాంతం మనిషి. స్థలం గిరిజన రైతుదని, తను లీజుకు తీసుకున్నానని అంటున్నాడు. మా డబ్బు రాబట్టుకోగలమా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రాబట్టుకోవచ్చమ్మా. అయితే మీరు చెప్పినవాటిలో కొన్ని నిలుస్తాయి, ఒకటి నిలవదు. నిలవనిది ముందు చెప్పేస్తాను. చలి, మంచుకు టెంటు పైన తడి చేరడం ఆయన తప్పు కాదు. లంబసింగికి అందరూ వెళ్లేదే ఆ చలి కోసం. దాన్ని ఫిర్యాదులో కలిపితే మిగతా మాటల బలం తగ్గుతుంది.

బాత్‌రూమ్ సంగతి వేరు. డబ్బు తీసుకుని బస ఇస్తే అది హోటలైనా, తోటలో టెంటైనా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవే. లేనిదాన్ని ఫోటోలో చూపించి డబ్బు కట్టించుకోవడం అనుచిత వ్యాపార పద్ధతి. చెప్పినది ఇవ్వకపోవడం సేవాలోపం. పెద్దావిడ చీకట్లో టార్చిలైటు పట్టుకుని ఆ గుంట దాకా నడవాల్సి రావడం చిన్న విషయమని నేననుకోను. అఫిడవిట్‌లో ఆ రాత్రి ఆవిడ ఎన్నిసార్లు వెళ్లారో, ఎవరు చెయ్యి పట్టుకున్నారో ఉన్నదున్నట్టు రాయండి.

ఇక ఫోను. మీ కేసులో అసలు బలం ఇక్కడే ఉంది. ఫోను టెంటులో దిండు పక్కన పెట్టుకుంటే పోయిందనుకోండి, మీ వాదన చాలా కష్టమయ్యేది. కానీ మీరు వాళ్ల మనిషి చేతికిచ్చారు. మళ్లీ తీసుకుంటామన్న ఒప్పందం మీద వస్తువును అప్పగిస్తే దాన్ని 1872 కాంట్రాక్టు చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. 151వ సెక్షన్ ప్రకారం, మామూలు జాగ్రత్త ఉన్న మనిషి తన వస్తువును ఎలా చూసుకుంటాడో, అప్పగించుకున్నవాడూ అలాగే చూడాలి. చార్జింగుకు డబ్బులు తీసుకోలేదన్నా ఈ బాధ్యత పోదు. తలుపు లేని పాకలో నాలుగు ఫోన్లు రాత్రంతా కాపలా లేకుండా వదిలేశారా? అలా జరిగితే ఆ మామూలు జాగ్రత్త కూడా తీసుకోనట్టే.

బోర్డు మాటకు వస్తే, 2019 నవంబరులో సుప్రీంకోర్టు తాజ్ మహల్ హోటల్ కేసులో తీర్పిచ్చింది. ఢిల్లీలో ఆ హోటల్ సిబ్బంది తాళం చెవులు తీసుకుని పార్క్ చేసిన కారు పోయింది. పార్కింగ్ చీటీ మీద 'ఓనరు రిస్కు' అని రాసి ఉందని హోటల్ వాదించింది. తన నిర్లక్ష్యం నుంచి, తన సిబ్బంది నిర్లక్ష్యం నుంచి హోటల్ ఆ రాతతో తప్పించుకోలేదని కోర్టు తేల్చింది. కారు తాళం ఇవ్వడానికీ, చార్జర్‌తో సహా ఫోను ఇవ్వడానికీ నాకు తేడా కనిపించడం లేదు.

లీజు మాట మీ కేసుకు అడ్డం కాదు. లంబసింగి లాంటి గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుడికి భూమి లీజుకివ్వడం కూడా చెల్లదు. 1997లో సమతా అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం పట్టును ఇంకా బిగించింది. ఆయన చెప్పింది నిజమైతే ఆ లీజే ప్రశ్నార్థకం. కానీ మీ దగ్గర డబ్బు తీసుకుని సేవ ఇస్తానన్నది ఆయన. స్థలం ఎవరిదైనా జవాబు చెప్పాల్సిందీ ఆయనే.

ముందు ఫోను బాక్సు మీదున్న ఐఎంఈఐ నంబరుతో (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. విజయవాడలోనే ఇవ్వవచ్చు. నేరం తమ పరిధిలో జరగకపోయినా పోలీసులు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి లంబసింగి వైపు స్టేషనుకు పంపాలి. ఆ కాగితంతో కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఫోను బ్లాక్ చేయించండి. తర్వాత ఆయనకు 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ నోటీసు పంపండి. ఉలకకపోతే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. అక్కడి జిల్లా కేంద్రం పాడేరు తిరగక్కర్లేదు, ఫిర్యాదుదారు ఉంటున్న చోటే కేసు వేసుకునే వీలును వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వాట్సాప్ మాటలు, ఆ ఫోటోలు, యూపీఐ రసీదు దేన్నీ చెరపకండి. బోర్డు ఫోటో ఉంటే అదీ జతచేయండి, మనకు భయం లేదు.

రాత్రి అక్కడే గడిపారు కాబట్టి రూ.6,000 మొత్తం తిరిగి రాకపోవచ్చు. ఫోనుకు బిల్లు ధరలో వాడకం తరుగు పోను వస్తుంది. వాటికి తోడు మనోవేదనకు, ఖర్చులకు న్యాయమైన మొత్తం అడగండి. లక్షలు రాసి కేసును పలచన చేసుకోవద్దు.

ఇంకొక్క మాట. ఆ రైతు కుటుంబాన్ని ప్రతివాదులుగా చేర్చకండి. వాళ్లు మీ డబ్బు తీసుకోలేదు. ఆ కుర్రాణ్ణి దొంగ అని కూడా పోలీసు ఫిర్యాదులో రాయకండి. ఏ టైముకు వచ్చాడు, ఎన్ని ఫోన్లు తీసుకున్నాడు, పొద్దున ఎన్ని తెచ్చిచ్చాడు, ఇంతవరకే రాయండి.