కొత్త సంస్థ సంగతి తర్వాత, ముందు ఉన్న కమిటీలో మనుషులు కావాలి

స్త్రీ పురుష సమానత్వం కోసం ప్రభుత్వం కొత్త సంస్థలు పెట్టాలా అని అడిగారు. అక్కర్లేదన్నది నా అభిప్రాయం. ఎందుకో నాకు జరిగింది చెబితే అర్థమవుతుంది.

మాది హిందూపురం. 2019లో బెంగళూరు బొమ్మనహళ్లిలో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని. ఓనరుతో కలిపి తొమ్మిది మందిమి. ఓనరు బంధువు ఒకాయన రాత్రిళ్లు మెసేజీలు పెట్టేవాడు, బిల్లు చూపించే నెపంతో మీద చేయి వేసేవాడు. పనిచేసే చోట లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకంటే ఎక్కువ ఉన్న చోటే, ఫిర్యాదులు వినడానికి కంపెనీలోనే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ మంది ఉంటే జిల్లాకొకటి ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకూ అదే దిక్కు.

ఆ కమిటీ ఎక్కడుందో తెలుసుకోవడానికే నాకు మూడు వారాలు పట్టింది. మెసేజీల ప్రింట్లు ఫైల్లో పెట్టుకుని, సగం రోజు సెలవు పెట్టి ఒక ఆఫీసుకు వెళ్తే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ గుమాస్తా "ఏ కమిటీ?" అని నన్నే అడిగాడు. చివరికి సొరుగులోంచి అక్షరాలు చెరిగిపోయిన జిరాక్స్ కాగితం తీశాడు. అందులో ఉన్న అధ్యక్షురాలికి ఫోన్ చేస్తే, పాపం ఆవిడ మర్యాదగానే చెప్పారు, తన పదవీకాలం అయిపోయిందని, కొత్తవాళ్లను ఇంకా వేయలేదని. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. రోజులు లెక్కపెట్టుకుంటూ టెన్షన్‌తో నాకు నిద్ర పట్టేది కాదు.

వరండాలో కూర్చున్న ఒక పెద్దావిడ, కోలారు వైపు మనిషి, నా ఫైలు చూసి తెలుగులోనే అంది: "ఊరికే ఇచ్చి పోవద్దు తల్లీ, నీ కాపీ మీద స్టాంపు ఏపించుకో, తేదీ పడల్ల." ఆ మాట ఎవరో అధికారి చెప్పాల్సింది.

ఫిర్యాదు ఇచ్చిన ఐదు నెలల తర్వాత పిలుపొచ్చింది. అప్పటికి ఉద్యోగం మానేశాను. అయినా వెళ్లాను. కొత్త కమిటీలోని ఆవిడ రెండు గంటలు ఓపిగ్గా విన్నారు, ప్రతి మెసేజీ చదివారు. నేను ఏడిస్తే ఆగి, నీళ్లిచ్చి, మళ్లీ మొదలుపెట్టారు. ఆ కుర్చీలో మనిషి ఉంటే వ్యవస్థ ఎంత బాగా పనిచేస్తుందో ఆ రోజు చూశాను. అదే కుర్చీ ఐదు నెలల ముందు ఖాళీగా లేకపోతే నా ఉద్యోగం నాకు ఉండేదేమో.

సంస్థలు మనకు తక్కువేం లేవు. జాతీయ మహిళా కమిషన్ 1992 నుంచీ ఉంది, రాష్ట్రాల కమిషన్లు వేరే. కమిషన్‌కు విచారణకు పిలిపించే అధికారం ఉంది, కానీ సిఫారసు చేయగలదు తప్ప శిక్ష వేయలేదు. ఇంకో కమిషన్ వచ్చినా అలాగే సిఫారసులు రాస్తుంది. 2013 చట్టం కింద స్థానిక కమిటీని వేయాల్సిన అధికారిని ప్రతి జిల్లాకూ నియమించండని 2024 డిసెంబరులో కూడా సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. పదకొండేళ్ల తర్వాత! కొత్త సంస్థకు పెట్టే డబ్బుతో ప్రతి జిల్లా కమిటీకీ ఒక గది, ఎవరో ఒకరు ఎత్తే ఫోను, పాతవాళ్ల పదవీకాలం ముగిసేలోపే కొత్త సభ్యులు ఉండేలా చూస్తే చాలు. బెంగళూరు లాంటి ఊళ్లో తెలుగు, తమిళం, హిందీ వచ్చినవాళ్లు కూడా ఉండాలి. భయంతో వచ్చిన మనిషికి సొంత భాషలో మాటలు రావడమే కష్టం.

మీలో ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే మొదటి మెసేజీ నుంచే తేదీలు రాసి పెట్టుకోండి. మూడు నెలలు దాటితే, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు, అడగండి. స్టాంపు లేకుండా మాత్రం ఆ ఆఫీసు గడప దాటి రావద్దు.