బ్లూఫిన్ ట్యూనా బోటులో వాటా: చేప ధర వేరు, దాన్ని పట్టే హక్కు వేరు

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లా పరకాల దగ్గరి ఊరు. మత్స్య సహకార సంఘంలో సభ్యుణ్ణి. చెరువులో బొచ్చె, రోహు పెంచి అమ్ముకుంటాం. విశాఖపట్నంలో ఎగుమతి సంస్థ నడుపుతున్నామని చెప్పిన ఇద్దరు గత ఏడాది మమ్మల్ని హనుమకొండలో ఒక హోటల్‌కు పిలిచి, బ్లూఫిన్ ట్యూనా అనే చేప జపాన్‌లో ఒక్కొక్కటి కోట్లు పలుకుతుందని వీడియోలు చూపించారు. అంతర్జాతీయ ట్యూనా కమిషన్ తమ బోటుకు 40 టన్నుల కోటా ఇచ్చిందని కరపత్రంలోనూ, వంద రూపాయల స్టాంపు పేపరు మీది ఒప్పందంలోనూ రాశారు. బోటులో వాటా కింద నేను 6 లక్షలు ఇచ్చాను. అందులో 5 లక్షలు బ్యాంకు ద్వారా, లక్ష నగదుగా. నెలకు 3 శాతం లాభం, 18 నెలల తర్వాత అసలు ఇస్తామని రాసి, సంతకం పెట్టి తేదీ వేయని 6 లక్షల చెక్కు ఇచ్చారు. నాలుగు నెలలు 18 వేల చొప్పున వేసి ఆపేశారు. గడువుకు ఇంకా రెండు నెలలు ఉంది. కోటా రెన్యువల్‌కు మరో 60 వేలు కడితే మొత్తం ఒకేసారి వస్తుందని ఇప్పుడు అంటున్నారు. నా మాట మీద మా బామ్మర్ది కూడా 2 లక్షలు పెట్టాడు. అందుకు నాకు 10 వేలు కమిషన్ ఇచ్చారు. వకీలు గారూ, ఆ చేపకు నిజంగా అంత ధర ఉందా? నా డబ్బు వస్తుందా? నా మీద కూడా కేసు అవుతుందా?

జవాబు: ముందుగా, ఆ 60 వేలు కట్టకండి. ఎందుకు కట్టకూడదో తెలియాలంటే ఆ చేప సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. మీ కేసులో బలమైన సాక్ష్యం కూడా అక్కడే ఉంది.

వారు చూపించిన వీడియోలు నిజమైనవే కావచ్చు. టోక్యోలోని తొయోసు మార్కెట్‌లో 2019 జనవరి 5న, కొత్త సంవత్సరపు తొలి వేలంలో, 278 కిలోల బ్లూఫిన్ ఒకటి 33.36 కోట్ల యెన్లకు, అప్పటి మారకపు విలువలో సుమారు 21 కోట్ల రూపాయలకు అమ్ముడైంది. అంటే కిలో 12 లక్షల యెన్లు. అదే మార్కెట్‌లో 2021 తొలి వేలంలో 208 కిలోల చేప సుమారు 2.08 కోట్ల యెన్లకు పోయింది. కిలో లక్ష యెన్లు, అంటే రెండేళ్ల కిందటి ధరలో పన్నెండో వంతు. ఎనుమాముల యార్డుకు మిర్చి తోలిన వారికి ఈ తేడాను విడమరచి చెప్పనక్కరలేదు. జెండా పాటలో ఒక్క లాటుకు పలికిన ధరను యార్డులోని బస్తాలన్నిటికీ కట్టి అప్పు తీర్చే లెక్క వేసుకునే రైతు ఉండడు. తొయోసులో తొలి వేలం శుభారంభంగానూ, పత్రికల్లో పేరు రావడానికీ సుషీ హోటళ్ల యజమానులు పోటీపడి పాడుకునే పాట. మిగతా రోజుల్లో ధరను చేపలోని కొవ్వు, తాజాదనం, పరిమాణం, పట్టిన పద్ధతి, ఏ రేవు చేప అన్న పేరు కలిసి నిర్ణయిస్తాయి. ఏమైనా ధర గురించిన గొప్పలు ఎంత అతిగా ఉన్నా, వాటి మీదనే క్రిమినల్ కేసు నిలబడడం కష్టం. వ్యాపారి తన సరుకుకు మంచి ధర వస్తుందని ఆశ చూపడాన్ని కోర్టులు సాధారణంగా మోసంగా పరిగణించవు.

కోటా మాట అలాంటిది కాదు. బ్లూఫిన్‌లో అట్లాంటిక్, పసిఫిక్, సదరన్ అని మూడు జాతులున్నాయి. మొదటి రెండూ వాటి పేర్లలో ఉన్న మహాసముద్రాలవి. మూడోది జావా దీవికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో గుడ్లు పెట్టి, పెరిగాక దక్షిణాది చల్లని నీళ్లలో తిరుగుతుంది. విశాఖ బోట్లకు బంగాళాఖాతంలో పడేది ప్రధానంగా ఎల్లోఫిన్, స్కిప్‌జాక్ రకాలు. అవీ ట్యూనాలే, వాటికీ ఎగుమతి ఉంది. కానీ తొయోసు వీడియోలోని చేపకూ వాటికీ కొర్రమీనుకూ జెల్లకూ ఉన్నంత తేడా ఉంది.

బ్లూఫిన్‌ను ఎంత పట్టాలో అంతర్జాతీయ ఒప్పందాలు నిర్ణయిస్తాయి. అట్లాంటిక్ జాతిని 1966లో రియో డి జనీరోలో కుదిరిన ఒప్పందం కింద ఏర్పడి మాడ్రిడ్ నుంచి పనిచేసే ఐక్యాట్ అనే కమిషన్ చూస్తుంది. విచ్చలవిడి వేటతో చేప తరిగిపోగా, 2010లో అంతర్జాతీయ వ్యాపారాన్నే నిషేధించాలని దోహాలో జరిగిన సైటిస్ (అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో మొనాకో ప్రతిపాదించింది. అది ఓడిపోయింది గానీ, తూర్పు అట్లాంటిక్, మధ్యధరా సముద్రాలకు ఆ ఏడాది పరిమితిని 13,500 టన్నులకు కుదించారు. నిల్వలు కోలుకున్నాక 2023 నుంచి 2025 వరకు ఏడాదికి 40,570 టన్నులు అనుమతించారు. కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడ 30 కిలోల లోపు చేపను పట్టడమే నేరం. సదరన్ జాతికి 1993 ఒప్పందం కింద కాన్‌బెర్రాలో వేరే కమిషన్ ఉంది. ఈ సంస్థలు కోటాను దేశాలకు పంచుతాయి. ఆయా దేశాలు తమ జెండా కింద నడిచే, అనుమతి జాబితాలో ఉన్న ఓడలకు పంచుకుంటాయి. ఒక ప్రైవేటు బోటు యజమాని చేతికి కమిషన్ నేరుగా కోటా పత్రం ఇవ్వడమనే పద్ధతి లేదు. పైగా భారతదేశం ఈ రెండు కమిషన్లలోనూ సభ్యదేశం కాదు. మనం సభ్యులుగా ఉన్నది సెషెల్స్ కేంద్రంగా పనిచేసే హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్‌లో. ఒకవేళ ఆ ఎగుమతి సంస్థవాళ్లు ఆ పేరు చెప్పినా, అది కూడా దేశాలతోనే వ్యవహరిస్తుంది. బోటుకు కోటాయే లేనప్పుడు దాని రెన్యువల్‌కు 60 వేలు అడగడానికి ఆధారమే లేదు.

పట్టిన చేప వెంట, అది దొరికిన చోటు నుంచి అమ్ముడుపోయే మార్కెట్ దాకా, క్యాచ్ డాక్యుమెంట్ అనే పత్రం నడవాలి. అది లేని బ్లూఫిన్‌కు చట్టబద్ధమైన కొనుగోలుదారుడే ఉండడు. కోట్ల విలువ కాస్తా జప్తు సరుకు అవుతుంది. 2018లో స్పెయిన్ పోలీసులు యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్ సహకారంతో ఇలాంటి దొంగ వ్యాపారంలో 79 మందిని అరెస్టు చేసి 80 టన్నులకు పైగా చేపను పట్టుకున్నారు. బ్లూఫిన్‌కు పేరుపడ్డ జపాన్ రేవు ఓమాలోనే, పట్టిన చేపను లెక్కలో చూపలేదన్న ఆరోపణపై 2023లో అరెస్టులు జరిగాయి.

ఇక మన చట్టంలోకి వద్దాం. భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ కింద మోసం రుజువు కావాలంటే, డబ్బు తీసుకున్న నాడే దురుద్దేశం ఉండాలి. తర్వాత వ్యాపారం దెబ్బతిని ఇవ్వలేకపోవడం మోసం కాదని సుప్రీంకోర్టు అనేకసార్లు చెప్పింది. అవతలి వకీలు ఈ వాదనే ముందు పెడతాడు: సముద్రం మీద వ్యాపారం, చేప పడలేదు, మేమేం చేస్తాం అంటాడు. దానికి మీ ఒప్పందంలోని ఒక్క వాక్యం జవాబు చెబుతుంది. 40 టన్నుల కోటా రాబోతోందని వారు అనలేదు, వచ్చిందని రాశారు. అది భవిష్యత్తు గురించిన అంచనా కాదు, సంతకం చేసిన రోజున ఉన్నట్టు చెప్పిన వాస్తవం. అది అబద్ధమని పత్రాలతోనే తేల్చవచ్చు. వారు నిజంగానే ఎల్లోఫిన్ పడుతూ, పేరు మాత్రం పెద్దది చేసి చెప్పి ఉండే అవకాశాన్ని నేను కొట్టిపారేయను. అయినా లేని కోటాను ఉందని రాయడానికి అది సమాధానం కాదు. ఈ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది.

రెండో చట్టం మీకు ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుంది. 2019 నాటి క్రమబద్ధీకరించని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ప్రకారం, అనుమతి లేని పథకంలో, తిరిగి ఇస్తామన్న హామీతో ప్రజల నుంచి డబ్బు తీసుకోవడమే నేరం; రెండు నుంచి ఏడేళ్ల జైలు, 3 నుంచి 10 లక్షల జరిమానా. దురుద్దేశంతో ఎగ్గొడితే శిక్ష మూడు నుంచి పదేళ్లకు పెరుగుతుంది. అయితే భాగస్తుడు పెట్టిన మూలధనాన్ని ఈ చట్టం డిపాజిట్ అనదు, మీ కాగితం మీద బోటులో వాటా అన్న మాట పెట్టింది బహుశా అందుకే. కోర్టు పేరును చూడదు, షరతులను చూస్తుంది. చేప పడినా పడకపోయినా నెలకు 3 శాతం ఇస్తామన్నారు. నష్టంలో మీకు భాగం లేదు. 18 నెలలకు అసలు మొత్తం తిరిగి వస్తుంది. ఏ బోటులో వాటానో చెప్పే రిజిస్ట్రేషన్ సంఖ్య ఒప్పందంలో ఉన్నట్టు మీరు చెప్పలేదు. ఇన్ని లక్షణాలున్నదాన్ని భాగస్వామ్యం అనడం కష్టం. ఈ చట్టం కింద వారి ఆస్తులను జప్తు చేసి, ప్రత్యేక కోర్టు ద్వారా డిపాజిటర్లకు పంచే వీలుంది. ఒకరిద్దరు కాకుండా సంఘంలో కట్టినవారంతా కలిసి ఫిర్యాదు చేస్తే జప్తు కోరిక బలపడుతుంది.

ఫిర్యాదుకు విశాఖ వెళ్లనవసరం లేదు. మాటలు చెప్పి నమ్మించింది, డబ్బు చేతులు మారింది హనుమకొండలో కాబట్టి, వరంగల్ పోలీస్ కమిషనరేట్ పరిధిలోనే ఇవ్వవచ్చు. ఫిర్యాదులో చేప ధర గురించి పేజీలు నింపకండి. కోటా వాక్యాన్ని యథాతథంగా రాసి, నాలుగు పత్రాలు చూపించమని పోలీసులు వారిని అడగాలని కోరండి: ఐఎన్‌డీ ఏపీ అని మొదలయ్యే బోటు రిజిస్ట్రేషన్, 1972 చట్టం కింద సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఇచ్చిన ఎగుమతిదారు రిజిస్ట్రేషన్, ఎగుమతి, దిగుమతులు చేసేవారికి విదేశీ వాణిజ్య విభాగం ఇచ్చే ఐఈసీ సంఖ్య, గతంలో పంపిన ఒక్క సరుకుకైనా క్యాచ్ సర్టిఫికెట్. నిజమైన ఎగుమతిదారు వీటిని చూపడానికి పూట కన్నా ఎక్కువ సమయం తీసుకోడు.

చెక్కు విషయంలో తొందరపడకండి. సంతకం చేసి ఇష్టపూర్వకంగా ఇచ్చిన చెక్కులో తేదీని మీరు నింపినా చెల్లుతుంది. కానీ అసలు చెల్లించవలసిన గడువు ఇంకా రెండు నెలలుంది. బాకీ పుట్టకముందే వేస్తే ఆ లోపాన్ని అవతలివారు వాడుకుంటారు. గడువు దాటాక తేదీ వేసి, మూడు నెలల్లోపు మీ బ్యాంకులో వేయండి. తిరిగి వస్తే, బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లో లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక వారికి 15 రోజుల వ్యవధి. ఆపైన నెలలోపు కోర్టులో ఫిర్యాదు. మీ ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టులోనే ఈ కేసు నడుస్తుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. చెక్కు ఇచ్చాక బాకీలో కొంత ముడితే, ఆ సంగతి చెక్కు మీద నమోదు చేయకుండా పూర్తి మొత్తానికి వేస్తే నేరం కాదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మీకు వచ్చిన 72 వేలు లాభం కింద వచ్చినవని ఒప్పందం చెబుతోంది కనుక అసలు 6 లక్షలు అలాగే ఉందన్నది మన వాదన; ఇకమీదట వారు అసలు కింద పదివేలు ఇచ్చినా, వేయబోయే ముందు వకీలుకు చెక్కు చూపించండి. సివిల్ దావాకు గడువు తేదీ నుంచి మూడేళ్ల కాలపరిమితి ఉంది. నగదుగా ఇచ్చిన లక్షకు రశీదు లేకపోయినా, ఒప్పందంలో 6 లక్షలు ముట్టినట్టు రాసి ఉంటే చాలు.

చివరగా మీ బామ్మర్ది సంగతి. ఇతరులను చేర్పించిన వారిని కూడా 2019 చట్టం వదలదు. అబద్ధమని తెలిసి నమ్మించి పెట్టుబడి పెట్టిస్తే ఏడాది నుంచి ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. ఇందులోని ‘తెలిసి’ అన్న పదమే మీకు రక్షణ, ఎందుకంటే మీరూ సొంత డబ్బు పోగొట్టుకున్నవారే. కానీ ఆ 10 వేలు మీ దగ్గర ఉన్నంతకాలం ఆ రక్షణ పలచబడుతూనే ఉంటుంది. ఆ మొత్తాన్ని మీ బామ్మర్దికి బ్యాంకు ద్వారా బదిలీ చేసి, ఆ విషయాన్ని దాచకుండా ఫిర్యాదులోనే రాయండి; అవతలివారి నోట బయటపడే కంటే మీ నోట ముందు రావడం మేలు. ఈ రోజు నుంచి ఆ పథకం గురించి ఎవరికీ మంచి మాట చెప్పకండి, ఎందుకంటే ఇప్పుడు మీకు తెలుసు. వాట్సాప్ సందేశాలు, వీడియోలు, 60 వేలు అడిగిన ఫోన్ రికార్డింగు ఏవీ తుడిచేయకండి. ఆ ఫోన్‌ను మార్చకుండా, అమ్మకుండా అలాగే ఉంచి, ఒప్పందం అసలు ప్రతి, చెక్కు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో కలిపి ఈ వారంలోనే మీ వకీలు దగ్గరకు తీసుకెళ్లండి.