అనిమే, వూషియా కథల్లో పోలికలు పట్టుకోగలను, దీంతో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నాను. జపాన్ అనిమేలు, చైనా యుద్ధకళల సీరియళ్లు (వూషియా) బాగా చూస్తాను. రెండింట్లోనూ కథ నడిపే తీరు ఒకేలా అనిపిస్తుంది: గురువు, పోటీ, ఓటమి, మళ్లీ సాధన. ఈ ఆసక్తిని కెరీర్ చేసుకోవచ్చా? ఇంట్లో ఈఏపీసెట్ తప్ప ఇంకో మాట వినడం లేదు.

జవాబు: మీకు కనిపించిన పోలిక నిజమే. కాకపోతే పోలిక చెప్పినందుకు ఎవరూ జీతం ఇవ్వరు. దాన్నుంచి ఒక స్టోరీబోర్డో (షాట్ల వరసను బొమ్మల్లో గీసింది), డబ్బింగ్ స్క్రిప్టో, అనువాదమో తయారైతే ఇస్తారు. అందుకే కాలేజీల సంగతి కాసేపు పక్కనపెట్టి, ఈ పోలిక ఎక్కడిదో, ఎక్కడ తెగిపోతుందో చూద్దాం.

జపాన్ కథకులు వాడే నాలుగంచెల పద్ధతి ఒకటుంది, కి-షో-తెన్-కెత్సు. ఎత్తుగడ, కొనసాగింపు, మలుపు, ముగింపు. ఇది చైనా నాలుగు పాదాల పద్యం నుంచి వెళ్లిందే. కథలూ అలాగే ప్రయాణించాయి. 1984లో మొదలైన డ్రాగన్ బాల్ మాంగాకు (జపాన్ బొమ్మల కథకు) మూలం చైనా పాత కథ 'పశ్చిమ యాత్ర'. మాంగా హీరో గోకు పూర్తి పేరు సోన్ గోకు అంటే 'పశ్చిమ యాత్ర'లోని వానరవీరుడు సున్ వుకాంగ్ పేరును జపనీయులు పలికే తీరే. ఇంకో కారణం ప్రచురణ. జిన్ యోంగ్ తన వూషియా నవలల్ని 1950ల నుంచి హాంకాంగ్ దినపత్రికల్లో రోజుకింత చొప్పున రాశారు. జపాన్ మాంగా పత్రిక షోనెన్ జంప్ 1968లో మొదలై మరుసటి ఏడాదే వారపత్రిక అయింది. పాఠకుడు మళ్లీ కొనాలంటే చివరి పేజీలో కొక్కెం ఉండాలి. మధ్యలో ఒక భాగం తప్పిపోయినా హీరో ఎక్కడున్నాడో తెలియాలి. శక్తికి మెట్లు, దెబ్బకో పేరు, అరిచి చెప్పి మరీ కొట్టడం ఆ అవసరానికి బాగా పనికొచ్చాయి. చందమామ సీరియళ్లు చదివిన ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, 'ఇంకా ఉంది' బలమేమిటో చెబుతారు.

తేడా మొదలయ్యేది డబ్బు దగ్గర. అనిమేలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 8 బొమ్మలు చాలు. అలా చూసినా పది సెకన్ల కత్తియుద్ధంలో ఒక్క పాత్రకే 80 బొమ్మలు గీయాలి. అదే పది సెకన్లు హీరో కళ్లను దగ్గరగా చూపించి మనసులో మాట వినిపిస్తే ఒక్క బొమ్మతో గడిచిపోతుంది. పోరాటం మధ్యలో అన్నేసి స్వగతాలు రావడానికి ఇదీ ఒక పెద్ద కారణం. సీరియల్లో ఆ లెక్క తిరగబడుతుంది. నటుడు కదలకుండా నిలబడ్డా యూనిట్ ఖర్చు ఆగదు, వైర్లు కట్టి ఎగిరించాలంటే రిహార్సలుకే పూట పోతుంది. కాబట్టి సభలు, విందులు, ఎత్తుపొడుపు మాటలు కథను మోస్తాయి. నిడివి కూడా చూడండి. అనిమే ఎపిసోడ్ 24 నిమిషాలైతే, మొదటి పాటా చివరి పాటా చెరో 90 సెకన్లు పోగా కథకు మిగిలేది 21. విడతకు 12, 13 ఎపిసోడ్లు. చైనా సీరియల్ ఎపిసోడ్ దాదాపు 45 నిమిషాలు. 40 ఎపిసోడ్లు మించవద్దని 2020లో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ సూచించింది.

ఇప్పుడు మీ పని. ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: సమయం, ఈ సీనులో ఎవరికి ఏం కావాలి, సీను అయ్యేసరికి ప్రేక్షకుడికి కొత్తగా ఏం తెలిసింది, నాలుగంచెల్లో ఇది ఏది. మూడు అనిమే ఎపిసోడ్లు, మూడు వూషియా ఎపిసోడ్లు ఇలా విప్పండి. సిరీస్ మధ్యలోవే తీసుకోండి, చివరి యుద్ధంలో అన్నీ ముగింపులే ఉంటాయి. రెండో గడిలో 'హీరో గుడికి వెళ్లాడు' అని రాస్తే కథ చెప్పినట్టే తప్ప విప్పినట్టు కాదు. 'గురువు చనిపోయిన సంగతి దాచాలని చూస్తున్నాడు' అని రాయాలి. స్పీడు పెంచి చూడకండి, మౌనం ఎంతసేపో తెలియదు.

తర్వాత ఏదైనా రెండు నిమిషాల భాగాన్ని షాటు షాటుకూ ఆపి, అగ్గిపెట్టెంత గడుల్లో గీతల బొమ్మలుగా వేయండి. పాత్ర ఎటు చూస్తోంది, షాటు ఎన్ని సెకన్లు అన్నది పక్కనే రాయండి. ఆపైన సొంతంగా ఒక నిమిషం స్టోరీబోర్డు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు: ఎడమవైపున్న వీరుడు తర్వాతి షాటులో ఏ కారణమూ లేకుండా కుడివైపు తేలతాడు. ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరాను దానికి ఒకే పక్కన ఉంచితే ఆ తికమక రాదు. ఇంకోటి, జపనీస్ పేర్లూ చెర్రీ పూలూ. పోర్ట్‌ఫోలియో చూసేవాళ్లకు ఆ పెద్దపెద్ద కళ్లు చూసిచూసి విసుగొచ్చి ఉంటుంది. పల్నాటి కథలో కోడిపందెం, ఓటమి, ఏడేళ్ల వలస, రాయబారి హత్య, కారంపూడి యుద్ధం ఉన్నాయి. వూషియాకు ఇంతకన్నా ఏం కావాలి? కోడి ఓడిపోయిన ఆ ఒక్క నిమిషమే గీయండి.

బొమ్మ రాకపోతే భాష వైపు చూడండి. అనిమేలకు తెలుగు డబ్బింగులు వస్తున్నాయి. టీవీ అనిమేలో నోటికి సాధారణంగా మూడే ఆకారాలు (మూసి, సగం తెరిచి, పూర్తిగా తెరిచి), కాబట్టి మాట నిడివి సరిపోతే చాలావరకు కుదిరిపోతుంది. నిజం మనుషుల సీరియల్లో ప, బ, మ దగ్గర పెదవులు కలవకపోతే దొరికిపోతారు. అసలు చిక్కు పిలుపుల్లో ఉంటుంది. చైనీస్ 'షిష్యోంగ్'ను 'అన్నా' అంటే సగమే వస్తుంది. అది వయసు లెక్క కాదు, అదే గురువు దగ్గర ముందు చేరిన వరస. ఒక్క సీను తెలుగులో రాసి, వీడియో ఆడిస్తూ పైకి చదవండి. ఊపిరి ఆడకపోతే వాక్యం పొడవైనట్టే.

ఈ రెండు పనుల్లో ఎవరూ అడగకుండానే మీరు పూర్తి చేసేది ఏదో మూడు నెలల్లో తేలిపోతుంది. బొమ్మ అయితే ఐఐటీ బాంబే నిర్వహించే డిజైన్ డిగ్రీ ప్రవేశపరీక్ష యూసీడ్ రాయండి. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్ సీట్లకూ దారి అదే, చేత్తో గీయాల్సిన భాగం అందులో ఉంటుంది. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ప్రవేశపరీక్ష డాట్ ద్వారా అహ్మదాబాద్‌లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ చదవొచ్చు. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ యానిమేషన్ ఉంది. భాష అయితే జేఎన్‌యూలో జపనీస్, చైనీస్ డిగ్రీలకు సీయూఈటీ (కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశపరీక్ష) రాయాలి. జపనీస్ పరీక్ష జేఎల్‌పీటీకి చెన్నైలో కేంద్రం ఉంది. అందులో తొలిమెట్టు ఎన్5 చూసి అనువాదం పని ఇవ్వరు, కనీసం ఎన్2 దాకా వెళ్లాలి.

ప్రైవేటు యానిమేషన్ కోర్సులో డబ్బు కట్టేముందు, కిందటి బ్యాచ్ వాళ్ల షోరీల్ (చేసిన పనుల వీడియో), వాళ్లకు దొరికిన ఉద్యోగం పేరు అడగండి. రోటో, పెయింట్ అంటే అది వీఎఫ్‌ఎక్స్‌లో అంచులు కత్తిరించి శుభ్రం చేసే పని. మంచి పనే, కానీ కథ చెప్పే పని కాదు. స్టోరీబోర్డు ఎన్ని వారాలు నేర్పుతారో సిలబస్‌లో చూపించమనండి.

ఇంట్లో ఈఏపీసెట్ మానేస్తానని గొడవ పడక్కర్లేదు. బీటెక్ తర్వాత కూడా పీజీ డిజైన్ ప్రవేశపరీక్ష సీడ్ రాసి ఐఐటీ బాంబేలో యానిమేషన్ ఎండిజైన్‌కు వెళ్లొచ్చు. యూసీడ్ మాత్రం సెకండియర్ జనవరిలో, ప్రాక్టికల్స్ ముందు వస్తుంది. దరఖాస్తులు అక్టోబరు ప్రాంతంలోనే మొదలవుతాయి. నోటుబుక్కు పని ఈ వేసవి సెలవుల్లోనే పూర్తిచేసి, గీసిన ఆ నిమిషం స్టోరీబోర్డును నాన్నగారి ముందు పెట్టి మాట్లాడండి.