మీవాడు బిల్ గేట్స్ కాదు సరే, ఆ బటన్ ఫోన్ సంగతేంటండీ?

పాలకొల్లు దగ్గర ఒక ఊరి నుంచి ఒక తండ్రి రాశారు. "మావాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మార్కులు అంతంత మాత్రం. బీటెక్ చదవడట, స్టార్టప్ పెడతాడట. బిల్ గేట్స్ చదువు మానేయలేదా, ఎడిసన్ బడికెళ్లాడా అని ఎదురు చెబుతున్నాడు. ఆరో తరగతిలో శాస్త్రవేత్తల పుస్తకాలు కొనిపెట్టింది నేనే, నా ఖర్మ. ఎప్పుడు చూసినా రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల వైర్లు పట్టుకుని కూర్చుంటాడు. పాత బటన్ ఫోన్ విప్పి పాడుచేశాడు. మొన్న రాత్రి రెండింటికి అది నా ఫోన్‌కి రింగిచ్చి ఇల్లంతా లేపింది. బీటెక్ మంచిదా, స్టార్టప్ మంచిదా, పోల్చి చెప్పండి మాస్టారూ."

పోలుస్తాను గానీ, ముందు ఆ పుస్తకాల సంగతి. ఆ కథల్లో పిల్లలు పట్టుకునేది ఒక్క ముక్కే: మానేశాడు, గెలిచాడు. గేట్స్ హార్వర్డ్ వదిలింది 1975లో. కానీ ఆయన కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టింది 1968లో, ఎనిమిదో తరగతిలో ఉండగా. ఆ బడిలో చదివే పిల్లల తల్లులు పాత సామాన్లు అమ్మి, ఆ డబ్బుతో బడికి కంప్యూటర్ వాడుకునే ఏర్పాటు చేయించారు. అంటే చదువు వదిలేనాటికి ఏడేళ్ల సాధన ఉంది, ఆల్టెయిర్ అనే కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రామ్ ఉంది, దాన్ని తీసుకునే కంపెనీ ఉంది, వెనక లాయరు తండ్రి ఉన్నాడు. ఎడిసన్ బడికి వెళ్లింది కొన్ని నెలలే, నిజమే, కానీ వాళ్లమ్మ ఒకప్పుడు టీచరు, ఇంట్లో కూర్చోబెట్టి ఆవిడే చదివించింది. ఐన్‌స్టీన్ లెక్కల్లో ఫెయిలయ్యాడన్నది ఉత్త పుకారు. 1895లో, 16 ఏళ్లకే, మామూలుగా రాసే వయసుకి రెండేళ్ల ముందే స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో ఒక పెద్ద కాలేజీకి ఎంట్రన్స్ రాశాడు. లెక్కలు, ఫిజిక్స్ బాగా చేశాడు, మిగతావాటిలో పోయింది. ఇంకో ఏడాది ఆరావు అనే ఊళ్లో బడికి వెళ్లి, ఆ తర్వాత చేరాడు. ఆయన చేసింది కూడా ఒక రకంగా లాంగ్ టర్మ్ కోచింగే!

ఇంత దూరం ఎందుకు, మీ పక్కనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చూడండి. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కాడాయన. మద్రాసులో వైద్యం చదివే రోజుల్లో ఖద్దరు కట్టినందుకు ఒక తెల్లదొర ప్రొఫెసరుకి కోపమొచ్చి, పూర్తి ఎంబీబీఎస్ బదులు చిన్న డిగ్రీతో సరిపెట్టాల్సి వచ్చింది. మామగారి సాయంతో అమెరికా చేరి, పగలు చదువుకుంటూ రాత్రిపూట ఆసుపత్రిలో పోర్టరుగా పనిచేశాడు. తర్వాత ఆయన బృందం తయారుచేసిన డీఈసీ మాత్రనే మన గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ వచ్చి మింగించేవారు. మీరూ మింగే ఉంటారు. రెండుసార్లు ఫెయిలైన కుర్రాణ్ణి ఆ ఇంట్లోవాళ్లు మళ్లీ పరీక్షకి కూర్చోబెట్టారన్న సంగతి మీవాడికి కాదు, మీకు చెబుతున్నాను.

ఇక స్టార్టప్. నాకు దీని మీద అనుమానాలు బాగానే ఉన్నాయి, దాచను. ఏడాదికి నలుగురైదుగురు వస్తారు నా దగ్గరికి, కంపెనీ పేరు రెడీ, లోగో రెడీ, విజిటింగ్ కార్డు రెడీ, ఏం అమ్ముతావు నాన్నా అంటే "ప్లాట్‌ఫామ్" అంటారు. ఎవరు కొంటారంటే నేల చూపులు చూస్తారు. ఇంకొందరు తండ్రులు, పదో తరగతి పిల్లాడికి ఆన్‌లైన్‌లో ఏఐ కోర్సని పంట డబ్బు పోసి, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి హాల్లో పెడతారు. ఆ పిల్లాడి చేత ఇంట్లో ఫ్యూజు వేయించమనండి చూద్దాం.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతాను, కోప్పడకండి. ఆ ఫోన్ "పాడుచేశాడు" అని రాశారే, పాడైన ఫోన్ రింగెలా ఇస్తుందండీ? నాకు అర్థమైనంతవరకు మీవాడు ఏరియేటర్ లైన్‌కి ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు, తగిలించి, కరెంటు పోగానే ఆ రిలే పడిపోయి ఫోన్‌లో స్పీడ్ డయల్ బటన్ నొక్కినట్టయ్యేలా తీగలు కలిపాడు. రొయ్యల రైతుకి చెప్పక్కర్లేదు, తెల్లారగట్ల చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళ ఏరియేటర్లు ఆగితే పంటంతా తేలిపోతుంది. మీరు నిద్రపోతుంటే చెరువుకి కాపలా పెట్టాడు, మీరేమో దాన్ని ఫిర్యాదుల్లో రాశారు! ఆరో తరగతిలో పుస్తకాలు కొనిస్తిరి, కుర్రాడు వాటిలో రాసినట్టే స్క్రూడ్రైవరు పట్టుకుంటే కళ్లెర్రజేస్తిరి. మీ బావమరిది కొడుక్కి ఏ కాలేజీలో సీటొచ్చిందో నాకు రాయకపోయినా, మీ టెన్షన్ అదేనని నాకు తెలుసు.

అలాగని వాణ్ణి చదువు మానిపించమనడం లేదు. వాడికి ఒక ప్రశ్న వేయండి. మోటార్లు త్రీ ఫేజు కదా, అంటే మూడు లైన్ల కరెంటు, ఆ మూడిట్లో ఒక్క ఫేజే పోయి, నీ రిలే ఉన్న ఫేజు బతికే ఉంటే? రిలే పడదు, ఫోన్ మోగదు, తెల్లారేసరికి వైండింగ్, అంటే మోటారు లోపలి తీగ చుట్ట, కాలిపోతుంది. దీనికి జవాబు వాడంతట వాడు వెతుక్కుంటే చాలా సంతోషం. వెతుకుతుంటే ఎలక్ట్రికల్ బీటెక్‌లో చెప్పే పాఠాల దగ్గరికే వెళ్తాడు, అప్పుడు కాలేజీ ఎందుకో మీరు చెప్పనక్కర్లేదు. పెద్ద పేరున్న కాలేజీ, కంప్యూటర్ బ్రాంచి అని పట్టుబట్టకండి. ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే కాలేజీ చాలు, వాడు చెరువు దగ్గరే ఉంటాడు, ప్రయోగాలూ ఆగవు.

స్టార్టప్ అంటారా, వేసవి సెలవుల్లో పక్క చెరువుల రైతులు ఇద్దరి చేత డబ్బులిచ్చి ఇదే పెట్టించుకునేలా చేయమనండి. ఊరికే పెడితే లెక్కలోకి రాదు. ఇద్దరూ కొని, వానాకాలమంతా అది పనిచేస్తే అప్పుడు మళ్లీ రాయండి, మాట్లాడదాం. కొనకపోయినా వాడికి పోయిందేమీ లేదు, ఒక రిలే, ఒక పాత ఫోన్.

ఇంతకీ ఆ రాత్రి రెండింటికి ఫోన్ మోగినప్పుడు చెరువు దగ్గర కరెంటు నిజంగానే పోయిందా? అది మాత్రం మీరు రాయలేదు.