చేనేత బట్టతో కర్టెన్లు: కుట్టించే ముందు ఒకసారి తడపండి

"మంగళగిరి తీసుకోవాలా, పోచంపల్లి తీసుకోవాలా? ఉతికితే పొట్టివైపోతాయా?" అని అడిగారు. మా ఇంట్లో రెండూ ఉన్నాయండీ. రెండింటితోనూ ఒక్కో దెబ్బ తిన్నాను.

మొదటిది మంగళగిరి. బాల్కనీ తలుపుకి ఏడడుగుల కర్టెన్లు, ఆవపువ్వు రంగు, అంచుకి సన్న జరీ. షాపులో "తడిపిందేనమ్మా" అంటే నమ్మేసి బట్టను నేరుగా టైలర్‌కిచ్చాను. నేలకి ఆనీ ఆననట్టు భలే కుదిరాయి. సంక్రాంతికి ఉతికి మళ్లీ తగిలిస్తే మూడంగుళాలు పైకి! ఏడాదిలో ఎదిగిపోయిన పిల్లాడికి పాత ప్యాంటు తొడిగినట్టు. ఇప్పుడవి వంటింటి కిటికీకి సగానికి తగ్గి వేలాడుతున్నాయి.

కాబట్టి ఎవరేం చెప్పినా బట్టను ఒక రాత్రి మామూలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, ఇస్త్రీ చేయించి అప్పుడు టైలర్‌కివ్వండి. ఏడడుగులంటే 84 అంగుళాలు, పైమడత కిందమడతలకి ఓ పన్నెండు, తడిపితే తగ్గేదానికి నాలుగైదు. ఒక్కో ముక్కకి 2 మీటర్ల 60 సెంటీమీటర్లు కొనండి. కుచ్చు నిండుగా రావాలంటే మొత్తం వెడల్పు కిటికీకి రెట్టింపు ఉండాలి. చేనేత తాను పన్నా (బట్ట వెడల్పు) చాలావరకు 44–48 అంగుళాలే కనుక నాలుగడుగుల కిటికీకి రెండు ముక్కలు పడతాయి.

మంగళగిరి బట్ట పలచన. ఉదయం ఎండ దాన్లోంచి వడకట్టినట్టు పడుతుంది, అదే దాని అందం. స్టీలు రింగులు మాత్రం వేయించకండి. లోపల బక్రం (మడతలో పెట్టే గట్టి గుడ్డ) గట్టిగా లేకపోతే రింగు చుట్టూ బట్ట చిరుగుతుంది. అదే బట్టతో పట్టీలు కుట్టించి కడ్డీకి ఎక్కించుకుంటే సరి.

ఇక పోచంపల్లి ఇకత్. కట్లు కట్టి దారానికే ముందుగా రంగులద్ది, తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కర్టెన్‌కి ఇంతకన్నా ఏం కావాలి, వీధిలోంచి చూసినా పూర్తి రంగే. షాపులో తిరగేసి చూడండి. వెనక పాలిపోయినట్టుంటే అది ఇకత్‌లా వేసిన ప్రింటు. పువ్వు అంచులు కాస్త అలుక్కుపోయినట్టుండటం లోపం కాదు, అది ఆ నేతకి గుర్తు.

ఇక్కడ నా తప్పు: పడమటి కిటికీకి ముదురు ఎరుపు వేశాను. రెండు వేసవులకి మడతల్లో ఒక రంగు, ఎండ తగిలినచోట ఇంకో రంగు. పడమర వైపుకి లేత రంగులే మేలు, లేదా వెనక తెల్ల లైనింగ్ వేయించండి. లైనింగ్ వేస్తే లోపలికి వెలుగు తగ్గుతుంది, ఆ సంగతి ముందే ఆలోచించుకోండి. ఇంకొకటి, కొనేముందు తడి తెల్ల రుమాలుతో ఓ మూల గట్టిగా రుద్దండి. రంగు అంటితే వదిలేయండి, మొదటి ఉతుకుతో ఆగిపోతుందన్న మాట నమ్మి ఓ లేత దుప్పటి పోగొట్టుకున్నాను.

నన్నడిగితే తూర్పు, ఉత్తరం కిటికీలకి మంగళగిరి, పడకగదికి పోచంపల్లి. మీ కిటికీ ఏ దిక్కున ఉందో, ఎత్తు వెడల్పులెంతో రాయండి, ఎంత బట్ట పడుతుందో లెక్కేసి చెప్తాను.