చెరువు వేట లెక్కలకు నిధులు రాకపోతే

ఊరి చెరువులో చేపల వేట సర్వేకు నిధులు అడిగితే, ప్రతిపాదనను ‘ఆధారం చాలదు’ అని తిప్పి పంపారన్నారు కదా. కారణం అందులో మీరు ఇచ్చిన వేట పట్టికలోనే ఉంది: దాంట్లో అమ్మిన చేపే ఉంది, కూరకు ఉంచుకున్నది లేదు.

1. గట్టు మీదే, పంచుకోకముందే తూచండి. పరకలు, జెల్లలు, మట్టగిడసలు లాంటి చిన్న చేపలు తరచూ మత్స్యకారుల సంఘం పద్దుల్లోకి రావు. ఇంట్లో తినేది ఎక్కువగా అవే, విడిగా రాయండి.

2. ప్రతి వేటకూ వల పొడవు, కన్ను సైజు, నీళ్లలో ఉంచిన గంటలు రాయండి. లేకుంటే తగ్గింది చేపో, వేటో తేలదు.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఖాళీ వల వచ్చిన రోజు సున్నా రాయాలి. 10 వేటల్లో 4 ఖాళీ, మిగతా ఆరింట్లో కలిపి 12 కిలోలు పడితే, సగటు వేటకు 2 కిలోలు కాదు, 1.2.

4. బడ్జెట్‌లో ఊళ్లోనే లెక్క రాసే మనిషికి 12 నెలల కూలి, ఒక స్ప్రింగ్ కాటా చూపించండి.